పిస్తోలు మీద పేరు

కొండవాగుపేటలో సన్యాసిరావు అనే ఆసామి ఉండేవాడు. ఒకరు చెప్పిన పని చెప్పినట్టు చేయడం అతని ఒంట్లోనే లేదు. ఉప్మాకు రవ్వ పట్టించుకు రమ్మంటే, మెత్తగా ఉంటే ఇంకా బాగుంటుందని పిండి పట్టించుకొచ్చేవాడు. అతని భార్య పైడమ్మకు అరిచి అరిచి గొంతు అరిగిపోయింది గానీ, అతని చేతులు మాత్రం ఊరుకునేవి కావు.

పైడమ్మ బడిపిల్లలకు యూనిఫారాలు కుట్టేది. ఆ వేసవిలో ఆమె కుట్టుమిషను విరిగిపోయింది. బాగుచేసేవాడు చూసి, "ఇంక దీనికి దండేసెయ్ తల్లీ" అన్నాడు. బళ్లు తెరిచేలోగా అరవై జతలు కుట్టాలి. కొత్త మిషను కొనడానికి దారి లేదు.

అలాంటి రోజుల్లో అటక దులుపుతుంటే, పాత డబ్బాలో అరచేతిలో ఇమిడే చిన్న పిస్తోలు ఒకటి దొరికింది. సన్యాసిరావు తాత అప్పలస్వామిది. గొట్టం ఇత్తడిది, నల్లబడిపోయింది. చెక్క పిడి పగిలింది. లోపల తుప్పు పట్టి ఎప్పుడో మూసుకుపోయింది. పేలే వస్తువు కాదు.

ఊళ్లో జగ్గారావు గారని రైల్వే గార్డుగా చేసి రిటైరైన పెద్దమనిషి ఉండేవారు. పాత తాళాలు, లాంతర్లు, తక్కెళ్లు పోగుచేసి ఒక గది నిండా పెట్టుకున్నారు. మొగుడూ పెళ్లాం తీసుకెళ్లి చూపిస్తే, ఆయన పిస్తోలును అటూ ఇటూ తిప్పి చూశారు.

"గొప్ప వస్తువేం కాదయ్యా. ఆ రోజుల్లో చవగ్గా దొరికేది. కానీ ఇలాంటిది నా దగ్గర లేదు. ఆరు వేలిస్తాను" అన్నారు.

పైడమ్మ వేళ్ల మీద లెక్క వేసుకుంది. సరిగ్గా మిషను ఖరీదు!

"అయితే ముందు పోలీసు స్టేషనులో చూపించి కాగితం రాయించుకోవాలి" అన్నారు జగ్గారావు గారు. ముగ్గురూ వెళ్లారు. స్టేషనులో గుర్తులన్నీ రాసుకున్నారు: నల్లబడిన ఇత్తడి గొట్టం, ఎడమవైపు పగిలిన పిడి, అడుగున మూడు అక్షరాలు, పనిచేయని పాత వస్తువు. సంతకం శుక్రవారం అవుతుందన్నారు. పేలనిదే కదా అని అంతవరకు ఇంట్లోనే ఉంచుకోమన్నారు.

దారిలో జగ్గారావు గారు రెండుసార్లు చెప్పారు. "సన్యాసీ, ఉన్నది ఉన్నట్టు తీసుకురా. తుడవకు, కడగకు."

"చిత్తం బాబూ" అన్నాడు సన్యాసిరావు.

మర్నాడు పొద్దున్నే పైడమ్మ పెరట్లోకి వచ్చేసరికి అతను చింతపండు, ఇటుక పొడి ముందేసుకుని గొట్టాన్ని బరబరా తోముతున్నాడు.

"ఏటయ్యా ఇది! ఆయన ఏం చెప్పారు?"

"అలాగే తెమ్మన్నారు."

"మరి?"

"పెద్దమనుషులు మొహమాటానికి అలాగే అంటారే. చుట్టాలు వద్దు వద్దంటే కాఫీ ఇవ్వకుండా పంపేస్తామా? పెళ్లిచూపులకు పిల్లను మొహం కడక్కుండా కూర్చోబెడతామా?"

పైడమ్మ తల బాదుకుని, పిస్తోలు లాక్కుని బియ్యం డ్రమ్ములో అడుగున దాచింది. "దీన్ని ముట్టుకున్నావో, నీకు ఈ ఇంట్లో అన్నం లేదు" అంది.

గురువారం ఆమె పిల్లల కొలతలు తీసుకోవడానికి బడికి వెళ్లింది. సన్యాసిరావు డ్రమ్ములో చెయ్యి పెట్టాడు.

శుక్రవారం పైడమ్మ మంచి చీర కట్టుకుంది. డబ్బు చేతిలో పడగానే అటునుంచి అటే మిషను కొట్టుకు పోవాలని ఆమె ఆశ. ఆమె డ్రమ్ము తెరవకముందే తానే కట్టి తెచ్చిన పట్టుగుడ్డ మూటను సన్యాసిరావు జగ్గారావు గారి బల్ల మీద పెట్టి, ముడి విప్పాడు. పిస్తోలు దీపావళి ప్రమిదలా ధగధగలాడింది. పిడి కొత్త టేకుది, వార్నిషు వాసన ఇంకా పోలేదు.

"ఇదేమిటి?" అన్నారు జగ్గారావు గారు.

"మీకోసమే బాబూ! కొత్త పెళ్లికొడుకులా తయారుచేయించాను."

"పాత పిడి ఏది?"

"వడ్రంగి దాంతో టీ కాచాడు బాబూ. నాకూ ఓ గ్లాసు ఇచ్చాడు."

"అడుగున మూడు అక్షరాలుండాలి."

"అవి అక్షరాలా? మురికనుకున్నాను."

జగ్గారావు గారు కళ్లజోడు పెట్టుకుని గొట్టాన్ని వెలుతురులోకి తిప్పారు. స్టీలు గిన్నెల మీద కొట్టే చుక్కల అక్షరాలు. పైకి చదివారు. "కీర్తిశేషులు అప్పలస్వామి గారి జ్ఞాపకార్థం, మనవడు సన్యాసిరావు."

పైడమ్మ మళ్లీ తల బాదుకుంది.

"ఇది గుడికిచ్చిన ఫ్యాను అనుకున్నావటయ్యా?" అన్నారాయన.

"పాత్రల కొట్టులో కొట్టించాను. పేరుంటే ఎవరూ ఎత్తుకుపోరు కదా బాబూ!"

జగ్గారావు గారు ఆ పొద్దున్నే సంతకమై వచ్చిన స్టేషను కాగితం తీసి పక్కన పెట్టారు. "ఇందులో రాసింది పగిలిన పిడి. ఇక్కడున్నది కొత్త పిడి. రాసింది నల్ల గొట్టం. ఇది అద్దంలా ఉంది. ఈ కాగితంతో దీన్ని కొంటే, కాగితంలో ఉన్నది ఎక్కడ దాచావని రేపు నన్ను పిలుస్తారు."

"కొత్త కాగితం రాయిద్దాం బాబూ!"

"ఏమని? లైసెన్సు లేకుండా పాత పిస్తోలుకు కొత్త పిడి వేయించామనా? ఆ ముక్క చెబితే ముందు నిన్ను కూర్చోబెడతారు, తర్వాత ఆ వడ్రంగిని. దీన్ని తిన్నగా తీసుకెళ్లి స్టేషనులో అప్పగించెయ్. తెలియక చేశావని నేను కూడా వచ్చి చెప్తాను. అంతకన్నా నా వల్ల కాదు."

అప్పగించారు. అక్కడ చివాట్లు పెట్టి వదిలేశారు. ఆరు వేలు కాదు కదా, ఆరు పైసలు కూడా రాలేదు.

తిరిగి వస్తుంటే సన్యాసిరావు గొణిగాడు. "నీ మిషను కోసమే చేశానే. ఇంకా బాగుంటే ఇంకో వెయ్యి ఇస్తారని..."

"ఆయన అడిగింది పాతది. నీ దగ్గరున్నదీ పాతదే. నువ్వు చేయాల్సిన పనల్లా చేతులు కట్టుకుని మూడు రోజులు కూర్చోవడం!" అంది పైడమ్మ. "అంత తేలిక పని కూడా నీకు చేతకాలేదు!"

సోమవారం హెడ్మాస్టరమ్మ అరవై జతల గుడ్డనూ పక్క ఊరి దర్జీకి ఇచ్చేసింది. బళ్లు తెరిచిన రోజు పిల్లలు కొత్త యూనిఫారాలతో వాళ్ల ఇంటి ముందు నుంచే వెళ్లారు. ఒక పిల్ల గౌను అంచు అప్పుడే ఊడి వేలాడుతోంది. పైడమ్మ ఆ పిల్లను పిలిచి, సూదీ దారం తెచ్చి, ఊరికే కుట్టిచ్చి పంపింది. సన్యాసిరావు గుమ్మంలో నిలబడి చూశాడు. ఎన్నడూ లేనిది, నోట్లోంచి ఒక్క సలహా రాలేదు.

నీతి: ఎదుటివాడు అడిగింది చేస్తేనే సాయం, అడగని మెరుగులు దిద్దితే ఉన్న మేలు కూడా పోతుంది.