పోలయ్య తాడు పట్టిన రోజు

ఉద్దానం తీరాన ఒక పల్లెలో పోలయ్య అనే జాలరి ఉండేవాడు. మనిషి మంచివాడే కానీ, చేసిన తప్పు నోరు విప్పి చెప్పుకోలేకపోయేవాడు. చిన్నప్పుడు కుండ పగలగొట్టి నెపం పిల్లి మీద పెట్టేవాడట. అందులో వింతేమీ లేదు, మేమూ పెట్టినవాళ్లమే.

అతని మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు పట్నం వెళ్లి యంత్రంతో రక్తం శుభ్రం చేయించుకునేవాడు. అందుకోసం డాక్టర్లు అతని ఎడమచేతిలో ఒక సిరను ధమనితో కలిపి కుట్టారు. దాన్ని ఫిస్టులా అంటారు. నేను కాలేజీలో జీవశాస్త్రం చదివినవాణ్ణే. ఎన్ని కప్పల్ని కోశామో లెక్కలేదు కానీ, ఇలా కుట్టవచ్చని మాకెవరూ చెప్పలేదు. సరే, కథకు వద్దాం. ఆ చోట వేలు పెడితే లోపల తుమ్మెద ఉన్నట్టు జుమ్మని అదిరేది.

"ఈ చేత్తో బరువు లాగకు పోలయ్యా. అదురు ఆగితే ఆ పూటే పరుగెత్తుకు రా," అని సిస్టర్ సుగుణ ప్రతిసారీ చెప్పేది.

పోలయ్యకు వల మీద బెంగ. ఆ ఊళ్లో పెద్దవల లాగేటప్పుడు తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ చేపల్లో వాటా ఉండేది. అతనికి వాటా అక్కర్లేదు. అందరూ ఒక్క ఊపున వెనక్కి వాలుతుంటే, తన మడమలు కూడా ఆ తడి ఇసుకలో దిగబడాలని తపించేవాడు.

ఒక శనివారం ఉదయం వల బరువుగా వచ్చింది. పోలయ్య ఎప్పటిలాగే ఒడ్డున ఇసుకలో కూర్చుని చూస్తున్నాడు.

"ఏటి బావా, పీతలకి కాపలా కాత్తన్నావా?" అని బావమరిది అప్పన్న వెక్కిరించాడు.

పోలయ్య లేచాడు. అప్పన్న కంగారుపడ్డాడు. "వద్దు బావా, ఊరికే అన్నాను!"

"కుడిచేత్తోనే పడతానురా," అన్నాడు పోలయ్య.

కానీ నలభై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా? తాడు ఎడమ ముంజేతికి రెండు చుట్లు చుట్టుకుంది. వల ఒడ్డెక్కేదాకా లాగాడు. రెండేళ్ల తర్వాత మళ్లీ నలుగురిలో ఒకడయ్యాడు.

సాయంత్రం వేలు పెట్టి చూసుకుంటే అదురు లేదు.

"సెయ్యి పలుకుతోందా?" అని భార్య బండెమ్మ రోజూలాగే అడిగింది.

"పలుకుతోందే," అన్నాడు. ఆదివారమూ అదే మాట అన్నాడు.

సోమవారం సిస్టర్ చెయ్యి పట్టుకోగానే ఆమె ముఖం మారింది. "ఎప్పటినుంచి?"

"ఇప్పుడే... దారిలో."

"ఈ తాడు గీతలు కూడా దారిలోనే పడ్డాయా?"

పోలయ్య ఆ గీతల మీద కుడిచెయ్యి కప్పుకున్నాడు. డాక్టరు వచ్చి చూశాడు. "రక్తం గడ్డకట్టింది. శనివారమే వచ్చి ఉంటే కరిగించి చూసేవాళ్లం. ఇప్పుడు ఆలస్యమైపోయింది," అన్నాడు.

రక్తం శుభ్రం చేయడానికి మెడ దగ్గర సిరలోకి గొట్టం పెట్టారు. కుడిచేతికి కొత్త ఫిస్టులా కుట్టినా, అది సూదికి పనికి రావడానికి నెలలు పడుతుందన్నారు. అంతవరకు గొట్టానికి తడి తగలకూడదు. పోలయ్యకు ఇక ఒడ్డున కూర్చోవడానికి కూడా వీల్లేకపోయింది.

"తాడట్టుకున్నందుకు నేను తిట్టను. నాకాడ ఎందుకు దాసినావు?" అని బండెమ్మ ఏడ్చింది.

"తిడతావని కాదే. చెబితే మళ్లీ ఆ తాడు దగ్గరికి పోనివ్వరని," అన్నాడు పోలయ్య.

తప్పు జరిగిన రోజే చెప్పుకున్నవాడికి దిద్దుకునే దారి ఉంటుంది; దాచుకున్నవాడు దేనికోసం దాచాడో దానికే దూరమవుతాడు.