మొండి గడప అవ్వ

అనగనగా పాలగూడెం అని ఒక ఊరుండేదట కన్నా. ఒక ఏడు గత్తర జబ్బు తగిలి, ఆ ఊళ్ళో పిల్లలంతా ఒకరి వెనక ఒకరు పోయారు. మిగిలినవాళ్ళు మూటలు కట్టుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఇళ్ళ మీద అడవి పెరిగింది. చాన్నాళ్ళకి సర్కారువాళ్ళు కంచె వేసి, నడిచే దారులు తీసి, దాన్ని పార్కు చేశారు. గేటు దగ్గర ఆ ఊరి సంగతంతా బోర్డు మీద రాసిపెట్టారు.

ఒకరోజు ఇంద్రాణి అనే ఆవిడ కూతురు వకుళని తీసుకుని అక్కడికి వెళ్ళింది. "పొద్దు వాలకముందే వచ్చెయ్యండమ్మా" అన్నాడు గేటు కాపలాదారు.

చెట్ల కింద చల్లగా ఉంది. నడుస్తుంటే ఇంద్రాణి చెప్పులో ముల్లు దిగింది. వంగి తీసుకుంది. లేచి చూస్తే పక్కన పిల్ల లేదు!

"వకుళా!" అని పిలిచింది. పలుకు లేదు.

అప్పుడు బావి దారిన పరుగెత్తింది. ఆ బావి ఎండి ఎన్నేళ్ళయిందో! అయినా గట్టు తడిగా ఉంది, ఎవరో ఇప్పుడే నీళ్ళు తోడినట్టు.

ఆ తర్వాత కూలిన గోడల దారిన పరుగెత్తింది. నాచు పట్టిన పొయ్యి ఒకటి కనిపించింది. చెయ్యి పెడితే బూడిద వెచ్చగా ఉంది.

ఆ తర్వాత చివరి దారి పట్టింది. అక్కడ గోడల్లేవు, కప్పు లేదు. ఒక్క ద్వారబంధం నిలబడి ఉంది. దాని గడప మీద వకుళ కూర్చుని ఉంది. వెనక ఎవరూ లేరు. కానీ పిల్ల జుట్టు దానంతటదే పాయలై అల్లుకుంటోంది.

"ఉండమ్మా, అవ్వ జడ వేస్తోంది" అంది వకుళ.

ఇంద్రాణికి పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్లని లాగబోయింది. గడప దాటిన చెయ్యి మంచులో పెట్టినట్టు చల్లబడిపోయింది.

"ఈ పిల్లని నాకు వదిలెయ్యమ్మా" అంది లోపల్నుంచి ఒక ముసలి గొంతు.

"అది నా బిడ్డ, అవ్వా. ఇంటికి పిలవడానికొచ్చాను. జడ పూర్తిచేసి పంపించు" అంది ఇంద్రాణి. అక్కడే చతికిలబడింది.

ఒక్క పిట్ట కూడా అరవలేదు. ఎండ చెట్ల కొసలకెక్కింది. చాలాసేపటికి జడ కొస ముడిపడింది.

"పిలవడానికొచ్చావు కాబట్టి తీసుకుపో" అంది గొంతు.

పిల్లని చంకనేసుకుని గేటుదాకా ఒకటే పరుగు! అక్కడ అమ్మ చెవిలో చెప్పింది వకుళ. "లోపల ఇంకా చాలామంది పిల్లలున్నారమ్మా. అందరికీ అవ్వే జడలు వేసింది. వాళ్ళని పిలవడానికి ఎవరూ రాలేదట."

గేటు దాటబోయిన ఇంద్రాణి ఆగిపోయింది. అడవివైపు తిరిగి, గొంతెత్తి పిలిచింది.

"రండర్రా, పొద్దుపోయింది! ఇళ్ళకి రండి!"

గాలి లేదు. కానీ దారి మీద ఎండుటాకులు గలగలలాడాయి. చిన్న చిన్న అడుగులు ఆమె కుచ్చిళ్ళని రాసుకుంటూ, ఒకదాని వెనక ఒకటి, గేటు దాటి పోయాయి. అన్నిటికన్నా చివర, కాళ్ళీడ్చుకుంటూ నెమ్మదిగా, ముసలి అడుగులు.

పిల్లలు ఇళ్ళకి, నిద్దర కళ్ళకి.
కల మంచికి, కథ కంచికి.