వెలుగు మాత్రమే దాటే సందు

"కెజియా! ఓ కెజియా! ఆ భూతద్దం ఇట్టా తే తల్లీ."

ఉస్తాద్ పిలుపు వినగానే కెజియా భూతద్దం అందించి ఓ అడుగు వెనక్కేసింది. అద్దంకి బస్టాండు వెనక మస్తాన్ ఉస్తాద్ కొట్లో కరెంటు సామాన్ల బోర్డుల రిపేరు నేర్చుకుంటోంది తను. ఇప్పుడాయన చేతిలో ఉన్నది అంకమ్మగారి గుడ్లు పొదిగే పెట్టె బోర్డు. ఒక పక్కంతా మాడి మసైపోయింది.

"మీట ముట్టుకుంటే చెయ్యి జివ్వుమందయ్యా! గుడ్లన్నీ చల్లబడిపోయినయ్. రిపేరంటే ఇదేనా?" అంకమ్మ గుమ్మంలో నిలబడే దులిపేసింది.

"తప్పు నాదేనమ్మా. కళ్ళు మందగించినయ్" అన్నాడు ఉస్తాద్.

ఆమె విసవిసా వెళ్ళిపోయింది. కెజియా తలెత్తలేదు. పోయిన వారం ఆ బోర్డు బాగుచేసింది తనే. నాలుగు కాళ్ళ నల్లబిళ్ళ కింద సన్నటి చీలిక కనపడింది. అయ్యో, పగిలిందే అనుకుని ముచ్చటగా ఒక తీగముక్క అడ్డంగా అతికించింది. చెబితే రేపట్నుంచి రావద్దంటాడేమో!

"ఉస్తాద్, ఆ బిళ్ళ కింద చీలిక దేనికి?" మెల్లగా అడిగింది.

"కావాలని కోసిందే. ఇటు చిన్న కరెంటు, అటు పెద్ద కరెంటు. రెండూ తాకకూడదు. తాకితే పెద్దది మీటదాకా వచ్చేస్తది."

"తాకకపోతే ఇటు మాట అటు ఎట్టా తెలుస్తది?"

ఉస్తాద్ టార్చిలైటు తీసుకుని లేచాడు. "నేను లైటేస్తే నువ్వు ఫ్యానెయ్యి. ఆర్పితే ఆపు." బయటికెళ్ళి గాజు తలుపు మూశాడు.

లైటు వెలిగింది. కెజియా ఫ్యాను వేసింది. ఆరింది. ఆపింది. మళ్ళీ వెలిగింది. ఆమెకు నవ్వొచ్చింది. అంటే ఆ నల్లబిళ్ళ కడుపులో ఒక బుల్లి దీపం, దాన్నే చూస్తూ కూర్చున్న ఒక కన్ను! నడుమ తీగే లేదు. ఒకరినొకరు తాకకుండా, ఉత్త చూపుతోనే కబురు!

అంతలో ఇసుక లారీ పోయింది. ఉస్తాద్ గడ్డం, చొక్కా అంతా దుమ్ము. కొట్లోకి మాత్రం రవ్వంత రాలేదు.

కెజియా నవ్వు ఆగిపోయింది. అంకమ్మ తిట్లూ ఇట్టాగే ఆయన మీదే పడ్డాయి. గాజుకివతల నిలబడి పెదాలు కదిపింది.

ఉస్తాద్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. వినపడలేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

ఆమె తలుపు తీసింది. దుమ్ము గుప్పున లోపలికొచ్చింది.

"ఆ సందులో తీగేసింది నేనే, ఉస్తాద్."