మేఘవల్లి గొంతులో మొలిచిన చీపుళ్ళు

అనగనగా ఒక రాజు. ఊఁ కొట్టండర్రా, ఊఁ కొట్టనివాళ్ళకి నేను కథ చెప్పను! ఆ రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తిసాములో దిట్ట. నడిపివాడు మాటకారి. కడగొట్టువాడు వసంతమల్లు ఉత్త మెతకవాడు. వాళ్ళ మేనమామ కూతురు మేఘవల్లి. ఆ పిల్ల నవ్విందంటే విన్నవాళ్ళందరికీ నవ్వొచ్చేది.

ఆ నవ్వు మీద ధూమాక్షుడనే మాంత్రికుడి కన్ను పడింది. తనని పెళ్ళాడమన్నాడు. "ఛీ, పో!" అంది మేఘవల్లి. వాడు పళ్ళు పటపటా కొరికి, నోటినిండా పొగ పట్టి ఆమె ముఖాన ఊది పోయాడు. అంతే! ఆ రోజు నుంచి పిల్లకి పిల్లికూతలు. నవ్వబోతే దగ్గు, మాట్లాడబోతే ఆయాసం.

పెద్దబావ ఊరుకున్నాడా? ఏడు సముద్రాలు దాటాడు. మాంత్రికుడి ప్రాణం దాచిన చిలుకని పట్టి మెడ విరిచాడు. ధూమాక్షుడు గిలగిలా కొట్టుకుని చచ్చాడు. వేరే కథల్లో అయితే ఇక్కడ పెళ్ళిభోజనాలే! మన కథలో అలా కుదరలేదర్రా. వాడు చచ్చినా మేఘవల్లి ఆయాసం తగ్గలేదు. నడిపిబావ దేశంలో ఉన్న వైద్యులందరినీ పోగేసుకొచ్చాడు. కషాయాలు కడివెడు, గుణం గోరంతైనా లేదు.

వసంతమల్లు మాత్రం మరదలి పక్కనే కూర్చుని వీపు నిమిరేవాడు.

"చిన్నబావా, నేను బతకనేమో" అంది ఆమె ఒకనాడు.

"నోర్ముయ్! నువ్వు లేకపోతే నేనెవరితో పోట్లాడను?" అన్నాడు గానీ, కళ్ళనీళ్ళు ఆగలేదు.

మంచం కోడు మీద పాకుతున్న చీమ ఆ మాట విన్నది. "ఏడిస్తే ఏమొస్తుంది రాజకుమారా? జబ్బు ఉన్నచోటికే పోయి చూడు" అని తన మీసంతో వాణ్ణి తాకింది. వసంతమల్లు ఆవగింజంతయ్యాడు. ఆవగింజలో వెయ్యోవంతయ్యాడు. మేఘవల్లి గాలి పీల్చగానే ముక్కులోంచి సర్రున పోయి ఊపిరిగొట్టంలో పడ్డాడు.

చూస్తే ఏముంది, పొడవాటి వీధి. వీధినిండా మసి, చిక్కటి జిగురు. అడుగున ఒక ముసలమ్మ కూర్చుని కళ్ళొత్తుకుంటోంది.

"ఎవరవ్వా నువ్వు?"

"అడుగవ్వని నాయనా. ఈ వీధికి పునాదిని నేనే. పైన నా కూతుళ్ళుండేవాళ్ళు. కొందరు జిగురు చేస్తే దుమ్మంతా దానికి అంటుకునేది. కొందరు వెంట్రుకల్లాంటి సన్నటి చీపుళ్ళతో ఆ జిగురుని పైకి, నోటివైపుకి తోసేవాళ్ళు. అమ్మాయి గుటుక్కున మింగేసేది. ఆ పాడు పొగ నా ఊడ్చే పిల్లల్ని కాల్చేసింది."

"మళ్ళీ కనలేవా?"

"ఎందుకు కనలేను! కానీ మూడు చిక్కులున్నాయి. అవి విడిపోతే నీ మరదలు బతుకుతుంది. లేకపోతే జిగురు పేరుకుని ఈ వీధి మూసుకుపోతుంది."

అవ్వ జంటలు జంటలుగా కూతుళ్ళని కన్నది. మొదటి చిక్కు అప్పుడే వచ్చింది. "నేను ఊడుస్తా" అంటే "నేను ఊడుస్తా" అని అందరూ ఒకటే గోల. "అందరూ అందలమెక్కితే మోసేదెవరర్రా?" అన్నాడు వసంతమల్లు. "పక్కదాని భుజం ముందుగా తట్టినవాళ్ళు ఊడ్చేవాళ్ళు. తట్టించుకున్నవాళ్ళు జిగురువాళ్ళు." టపటపా తట్టుకున్నారు. తగువు తీరింది.

మరి చీపుళ్ళేవీ? అది రెండో చిక్కు. ఊడ్చే పిల్లల కడుపులో చిన్న చిన్న విత్తనాలున్నాయి. అవి పది అయ్యాయి, పదులు వందలయ్యాయి, పైకి తేలి చర్మం కింద పాతుకున్నాయి. ఒక్కో విత్తనానికి ఒక్కో వెంట్రుక మొలవాలి. బయట మేఘవల్లి ఎగశ్వాస వినిపిస్తోంది. వసంతమల్లు తాళలేక ఒక మొలకని పట్టి లాగబోయాడు. అవ్వ చేతిమీద ఒక్కటిచ్చింది. "నారు పీకితే పెరుగుతుందట్రా? కూర్చో!" కూర్చున్నాడు పాపం, ఆ ఎగశ్వాస వింటూనే కూర్చున్నాడు.

వెంట్రుకలు మొలిచాయి, ఆడాయి. కానీ ఒకటి అటు, ఒకటి ఇటు. జిగురు ఉన్నచోటే గిర్రున తిరుగుతోంది. ఇదే మూడో చిక్కు.

"అటు ఊడవండి!" అని ఆజ్ఞ వేశాడు రాజకుమారుడు. ప్రతిదానికీ దాని 'అటు' దానికుంది! గందరగోళం ఇంకా ఎక్కువైంది.

"అరిస్తే ఏం లాభం, చేసి చూపించు" అంది అవ్వ.

వసంతమల్లు మెడలోతు జిగురులో దిగాడు. రెండు చేతులా నోటివైపుకి తోశాడు. జిగురు కదిలినవైపే దాని కింది వెంట్రుకలు వంగాయి. ఆ పిల్లలు పక్కవాళ్ళ చెయ్యి పట్టుకున్నారు, వాళ్ళు తమ పక్కవాళ్ళది పట్టుకున్నారు, అందరూ అటే తిరిగారు. నిటారుగా లేచి ముందుకి తోయడం, ఒంగి నక్కి వెనక్కి రావడం. ఒకదాని వెనక ఒకటి, వరిచేను మీద గాలి పోయినట్టు. హైలెస్సా అంటే హైలెస్సా! మసి కదిలింది, జిగురు కదిలింది, దాంతోపాటు మనవాడూ కదిలాడు.

"అవ్వా! నన్నూ తోసేస్తున్నారే!"

"తోయరా మరి? వాళ్ళకి రాజకుమారుడైనా ఒకటే, మసి నలుసైనా ఒకటే. వెళ్ళిరా నాయనా, చల్లగా ఉండు!"

మేఘవల్లి ఖళ్ళున దగ్గింది. వసంతమల్లు మంచం పక్కన పడి ఎప్పటంతవాడయ్యాడు, ఒళ్ళంతా జిగురుతో. "ఛీఛీ, ఇదేం అవతారం బావా!" అని పకపకా నవ్వింది పిల్ల. ఆయాసం లేదు. వాడు అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పెద్దబావ మంచివాడే. "మాంత్రికుణ్ణి చంపింది నేనే. పిల్లని బతికించింది మాత్రం తమ్ముడు" అన్నాడు. పెళ్ళి కుదిరింది.

తీరా పీటల మీద కూర్చున్నాక హోమగుండం లోంచి గుప్పున పొగ లేచి మేఘవల్లి ముఖాన్నే కొట్టింది. మేళగాళ్ళు సన్నాయి దించేశారు. పురోహితుడు మంత్రం మింగేశాడు. వసంతమల్లు తాళి పట్టుకుని మరదలి ముఖంలోకే చూశాడు. మేఘవల్లి కళ్ళు మూసుకుంది. ఒక్కసారి గొంతు సవరించుకుంది, గుటక వేసింది, గుండెలనిండా గాలి పీల్చుకుంది.

"ఏం బావా, తాళి కడతావా, ఇలా చూస్తూనే కూర్చుంటావా?" అంది.

వాడు గబగబా మూడు ముళ్ళూ వేశాడు. నవ్వుకుంటూ, కీచులాడుకుంటూ వాళ్ళు నిండు నూరేళ్ళు రాజ్యమేలారు. కథ చెప్పి నా గొంతెండిపోయింది, చెంబెడు మంచినీళ్ళు తెచ్చి పెట్టండర్రా!