నాలుకమ్మ తల్లి నాలుక చాచిన కారణం

తూర్పు కనుమల అంచున, వాగు ఒడ్డున ఉన్న నేరేళ్లలోవలో నాలుకమ్మ తల్లి గుడి ఉంది. గుడి చిన్నది. లోపల మూడడుగుల నల్లరాతి విగ్రహం. అమ్మవారి చేతిలో ఆయుధం లేదు, కాలికింద రాక్షసుడు లేడు. కుడిచేతి రెండు వేళ్ల మధ్య పలచని ముక్క ఒకటి, పెదవులు దాటి కాస్త బయటికి వచ్చిన నాలుక కొస. కొత్తగా వచ్చిన భక్తులు అది ఉగ్రరూపం అనుకుని నాలుకకు కుంకుమ పూయబోతారు. దయచేసి పూయవద్దు. ఆమె ఎవరి నెత్తురూ తాగలేదు. రుచి చూస్తోంది.

పూర్వం ఇక్కడ వరుసగా మూడేళ్లు వానలు లేవు. గాదెలు ఊడ్చేశారు. చెట్లకు చింతాకు కూడా మిగల్లేదు. కొండ మీద చేదుదుంప మాత్రం ఎంత తవ్వితే అంత దొరికేది, కానీ అది విషం. ఉడకబెట్టుకు తిన్న ఒక ఇంట్లో నలుగురూ వాంతులతో సాయంత్రానికే పోయారు.

అప్పుడు ఊరి మునసబు గవర్రాజు ఒక ఉపాయం చెప్పాడు. దుంపను మూడు రకాలుగా వండాలి. నా అన్నవాళ్లు లేని ముసలివాళ్లు ముగ్గురికి పెట్టాలి. బతికినవాళ్లు ఏది తిన్నారో చూసి ఊరంతా అదే వండుకోవాలి. మొదటి పేరు నూకాలుది. ఆమె చూపు పోయిన ముసలిది, మునసబు ఇంటి అరుగు మీద పడుకునేది. పెద్దలందరూ మునసబు బుర్రను మెచ్చుకున్నారు. ఒక్కరూ కాదనలేదు.

వండి పెట్టమని మునసబు తన ఇంటి వంటమనిషి సూరాలికి చెప్పాడు.

“ముందు తవరు తినండి బాబూ,” అందామె.

“నేను పోతే ఊరికి దిక్కెవరే?”

“నూకాలు పోతే నూకాలికి దిక్కెవరండి?”

మునసబు నవ్వాడు. “ఆడదానివి, నీకు జాలెక్కువ. జాలితో పనులవ్వవే. దీనికి తెలివి కావాలి.”

“ముగ్గురూ పోతే ఇంకో ముగ్గుర్ని వెతుకుతారు. వాళ్లూ పోతే మరో ముగ్గురు. ఇందులో తెలివెక్కడుందో నాకు కనపడ్డం లేదండి. వారం ఆగండి, నేను చూస్తాను.”

“వారమే. ఎనిమిదో పొద్దున నూకాలికి విస్తరి వేస్తాను.”

సూరాలు దుంప ముక్కను ముందు మోచేతి లోపలివైపు రుద్దుకుంది. దద్దురు లేచింది. ఉడికించిన ముక్కను నాలుక కొసకు తాకించి ఉమ్మేసింది. మంట. బూడిదతో ఉడికించి చూసింది. మంట తగ్గింది కానీ పోలేదు. కొండ మీది ఆడవాళ్లు మామిడి టెంకలోని జీడిని రోజుల తరబడి పారే నీళ్లలో ఉంచి వగరు పోగొట్టడం ఆమె చూసింది. దుంపను తమలపాకంత పలచగా తరిగి, బూడిదతో ఉడికించి, బుట్టలో పోసి, వాగులో ఇంకా సన్నగా పారుతున్న ఊటనీళ్లలో కట్టింది. రోజూ ఒక ముక్క తీసి నాలుకకు తాకించేది. నాలుగో రోజుకు మంట లేదు. అయిదో రోజు గోరంత మింగి సాయంత్రం దాకా చూసింది. ఆరో రోజు వక్కంత. ఏడో రోజు గుప్పెడు తిని పనిలోకి వెళ్లింది.

చచ్చినా ఫరవాలేదనిపించే మనుషులు చేతికింద ఉన్నవాడికి ఆలోచించే అవసరం రాదు. సూరాలు లెక్కలో అదనపు మనిషంటూ ఎవరూ లేరు. నూకాలే కాదు, తను కూడా పోకూడదు. అందుకే అంత ఆలోచించింది. ఆ జాలిని తీసేస్తే మిగిలేది గవర్రాజు ఉపాయం.

ఎనిమిదో పొద్దున ఊరంతా ఆకలితో చూస్తుండగా ఆమె దుంపకూడు తెచ్చింది. “నూకాలికి పెట్టు,” అన్నాడు మునసబు. ఆమె విస్తరి అతని ముందే వేసింది.

“నేను నిన్న తిన్నానండి. ఇప్పుడు తవరు.”

అతను చుట్టూ చూశాడు. ఎవరూ అడ్డురాలేదు. తిన్నాడు. తరువాత నూకాలు తింది. తరువాత ఊరు తింది.

కరువు తీరాక, ఈ వంట విధానాన్ని అమ్మవారు మునసబుకు కలలో చెప్పిందన్న కథ పుట్టింది. అతనికి ఏ కలా రాలేదు. సూరాలు చెప్పగా పట్టపగలు విన్నాడు. ఈ గుడి గురించి రాసిన పాత పుస్తకాలైతే సూరాలును దయామయి అని పొగిడి ఊరుకున్నాయి. బుర్ర మగవాడి వాటాకు, గుండె ఆడదాని వాటాకు పంచేసి చేతులు కడుక్కున్నాయి. నూకాలును బతికించింది కన్నీళ్లు కావు, వారం రోజుల పరీక్ష. ఆడది దేవత కావాలంటే నిప్పులో దూకాలనో, నూతిలో పడాలనో రాసేవారికి మరో మాట: సూరాలు ఎనభై ఏళ్లు బతికి, మనవరాలిని కేకలేస్తూ తన మంచం మీదే పోయింది. ఊరి ఆడవాళ్లు గుడి కట్టి, ఆమెను నాలుకమ్మ అని పిలిచారు.

ఏటా వానలకు ముందు, జ్యేష్ఠమాసంలో వచ్చే మొదటి ఆదివారం ఇక్కడ దుంపకూడు నైవేద్యం. మొదటి ముద్ద ఊరిలో పెత్తనం ఎవరిదైతే వారు తినాలి. వారు తిని ఒక గడియ కూర్చున్నాకే మిగతావారికి వడ్డిస్తారు. ఆమధ్య ఒక ధర్మకర్త తనకు ఒంట్లో బాగోలేదని, బదులుగా గుడి ఊడ్చే ఆమెను కూర్చోబెట్టబోయాడు. ఆడవాళ్లందరూ విస్తళ్లు మడిచి పక్కన పెట్టి కూర్చున్నారు. మధ్యాహ్నం మూడు దాకా ఎవరూ లేవలేదు. చివరికి ఆయనే తిన్నాడు. ఏమీ కాలేదు.

ఈ ప్రసాదం తిన్నవారికి తెలివి పెరుగుతుందని, ఆ తెలివికి ఎదుటి మనిషి బలి కాడని నమ్మకం. చదువు మొదలుపెట్టే పిల్లలను, పదవిలోకి వెళ్లేవారిని తీసుకురావచ్చు. ఎవరి ముద్ద వారే తినాలి. బదులు మనిషిని పంపే వీలు ఈ గుడిలో లేదు.