రేవులో మూడు మూటలు

దేవుడి దయవల్ల మనమిక్కడ చల్లగా కూర్చున్నాం గానీ తల్లీ, అనగా అనగా నదికి అటూ ఇటూ ఉన్న ఒక రాజ్యంలో జనానికి కంటిమీద కునుకు లేదు.

ముసలిరాజు పోగానే కొడుకులిద్దరూ సింహాసనం కోసం కత్తులు దూశారు. తూర్పు ఒడ్డు అన్న రణధవళుడిది, పడమటి ఒడ్డు తమ్ముడు వీరకంపనుడిది. "ధర్మం నాది" అని అతడు, "కాదు నాది" అని ఇతడు. ఆర్నెల్లుగా చచ్చేది మాత్రం జనం!

నది నడుమ లంకలో చాకిరేవు నూకాలుది. రెండు ఒడ్ల బట్టలూ ఉతికేది ఆమే. ఏ బట్ట ఎవరిదో తెలిసేలా మూలన నల్లజీడి రసంతో గుర్తు పెట్టేది. పోరులో పోయినవాళ్ల అంగీలు ఉతికి వాళ్ల ఇళ్లకు పంపడం అక్కడి ఆచారం. ఆమె ఒక్కగానొక్క కొడుకు బంగారయ్యను తూర్పు సైన్యం లాక్కుపోయింది.

మొదటి పోరయ్యాక అంగీలు వచ్చాయి. ఒక్కో అంగీ మూల తిప్పి గుర్తులు వెతికింది. కొడుకుది లేదు. రెండో పోరు తరవాతా లేదు. మూడోసారి చేతికొచ్చింది ఎదురింటి కుర్రాడి అంగీ.

"రేపు నా బిడ్డదే వస్తుంది స్వామీ!" అని నూకాలు బండ మీద కూలబడింది.

ఆ పూటే రెండు ఒడ్ల పెద్దలూ అన్నదమ్ములిద్దరినీ పిలిపించి లంకలో సభ తీర్చారు. ఇద్దరిలో దోషి ఎవరో తేల్చి, రేపు అందరూ కలిసి వాడి మీద పడాలని వాళ్ల ఆలోచన.

"ప్రజల బాధ గుండెల్లో మోస్తున్నాను" అని అన్న కళ్లొత్తుకున్నాడు.

"వాళ్లతోపాటు నా నెత్తురూ ధారపోస్తున్నాను" అని తమ్ముడు రొమ్ము చరుచుకున్నాడు.

నూకాలుకు ఒళ్లు మండింది. మూడు మూటలు తెచ్చి సభ నడుమ ధబీమని పడేసింది.

"అయ్యల్లారా! ఇవి తూర్పువాళ్ల అంగీలు, ఇవి పడమటివాళ్లవి. నెత్తుట్లో తేడా చెప్పండి చూద్దాం! మూడోది ఈ దొరలిద్దరిదీ. గంధం మరక, తాంబూలం మరక, నేతి మరక. ఒక్క నెత్తుటి బొట్టు చూపించండి, రేవు వదిలిపోతా!"

"నోర్ముయ్, బట్టలుతుక్కునేదానా!" అని అన్నదమ్ములు ఒక్క గొంతుతో అరిచారు.

"చూశారా, ఇన్నాళ్లకు ఒక్కమాట మీదికొచ్చారు!" అంది నూకాలు.

పెద్దలు సిగ్గుతో తలలు దించుకున్నారు. వాళ్లలో ముదుసలి మల్లుభట్టు లేచాడు. "రేపు సైన్యాలు కదలవు. మీరిద్దరే దిగి తేల్చుకోండి."

దొరల ముఖాలు పాలిపోయాయి. "తమ్ముడూ!" "అన్నయ్యా!" అని గభాల్న కౌగిలించుకున్నారు.

"ఈ కౌగిలి ఆర్నెల్ల కిందట ఏమైంది నాయనా?" నూకాలు ఎదురింటి కుర్రాడి అంగీ పైకెత్తింది. "ఈ అంగీ ఎదురింటి తల్లికి నేను ఏ ముఖం పెట్టుకుని ఇవ్వను?"

సభ ఆ ఇద్దరినీ పొలిమేర దాటించింది. బంగారయ్య ప్రాణాలతో ఇల్లు చేరాడు. నూకాలు వాణ్ణి ఒళ్లంతా తడుముకుని, ఆ అంగీ పట్టుకుని, వాణ్ణి వెంటబెట్టుకుని ఎదురింటి గడప ఎక్కింది.

పరాయి తల్లి బిడ్డను చావుకు తోసి తాను వెనక దాక్కునే నాయకుడు, ఏ ఒడ్డున నిలబడి ధర్మం పలికినా, దేవుడి ముందూ జనం ముందూ దోషే.