వెనక చక్రానికి అందని తీగ

ముందు మీరు చెప్పండి. ఈమధ్య ఏదో వస్తువు కొన్నారు కదా, కొనేముందు దానిలో ఏం చూశారు? నీళ్లు నమలకండి, సూటిగా చెప్పండి. రంగు చూశారా? దీపాలు చూశారా? పక్కింటివాళ్లు కుళ్లుకుంటారా లేదా అని చూశారా?

ఉప్పాడ తీరంలో రొయ్య పిల్లల బండి తోలే మసేను కూడా అవే చూసేవాడు. పనిమంతుడే, మాట మీద నిలబడేవాడే. కాని మెరిసే వస్తువు కంటపడితే చాలు, వాడి బుద్ధి బండి దిగి వెళ్లిపోయేది.

రొయ్య పిల్లల బండి తోలడం ఆషామాషీ పని కాదు. నీళ్లూ ప్రాణవాయువూ నింపిన సంచుల్లో పిల్లల్ని కట్టి, అట్టపెట్టెల్లో సర్ది, దూరాన ఉన్న చెరువులకు చేర్చాలి. సంచిలో గాలి అయిపోయినా, నీళ్లు వేడెక్కినా అంతే సంగతులు. అందుకే ఆ బండ్లవాళ్లు దారిలో టీకి కూడా ఆగరు. మసేను బండి నడిపితే, అతని భార్య నూకరత్నం పక్కన కూర్చుని పెట్టెల బాగోగులు చూసుకునేది.

టైర్లలో తరచూ గాలి తగ్గుతోందని ఇద్దరూ గాలి మిషను కొనడానికి కాకినాడ వెళ్లారు. కొట్టువాడు రెండు రకాలు చూపించాడు. ఒకటి నల్లగా, బరువుగా, ఇనప ముద్దలా ఉంది. బ్యాటరీకి తగిలించే క్లిప్పులు, పొడవాటి తీగ ఉన్నాయి. రెండోది అరచేతిలో ఇమిడేంత ముద్దుగా ఉంది. నొక్కగానే నీలం దీపం, వెలిగే అంకెలు!

"మావా, దీని తీగ ఎంతుందో చూడు. లోడు బండికి సరిపోద్దో లేదో అడుగు" అంది నూకరత్నం.

"అంకెలు ఎలా వెలుగుతున్నాయో చూడవే! ఆ నల్లదాన్ని ఇంట్లో పెడితే పిల్లలు జడుసుకుంటారు" అన్నాడు మసేను. ముద్దుదాన్నే కొన్నాడు.

ఇంటికి రాగానే వీధివాళ్లందరినీ పిలిచాడు. ఖాళీ బండి ముందు చక్రానికి గొట్టం తగిలించాడు. అందులో గాలి కొంచెమే తక్కువ. మిషను చిన్నగా గుర్రుమంది, అంకెలు పెరిగాయి, దానంతట అదే ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో వీధిలోని మోటారు సైకిళ్లన్నిటికీ గాలి కొట్టాడు.

"వెనక చక్రానికి కొట్టి చూశావా?" అని అడిగింది నూకరత్నం.

"ముందు చక్రానికి పట్టిన గాలి వెనక చక్రానికి పట్టదా? అదేమన్నా వేరే ఊరి గాలా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు వాడి తలకెక్కింది. "ఇంత మిషనుండగా ఈ స్టెప్నీ మోత దేనికి?" అని బండి తొట్టి మూలన అదనంగా కట్టి ఉన్న స్టెప్నీ చక్రాన్ని విప్పి ఇంట్లో పడేశాడు. ఆ జాగాలో ఇంకో రెండు పెట్టెలు పడతాయని వాడి లెక్క.

ఆ వారమే ఆకివీడు దగ్గర చెరువు రైతు బంగారయ్యకు పిల్లలు చేర్చే పని వచ్చింది. బంగారయ్య చెరువు పోయిన పంటకు తెల్లమచ్చ తెగులు తగిలి మొత్తం పోయింది. "ఇదే ఆఖరి ప్రయత్నం మసేనూ. ఈ పిల్లలు కూడా చేతికి రాకపోతే చెరువు వదిలేసి కూలికి పోతాను" అని ఫోనులో చెప్పాడు.

సగం దారి దాటాక, మిట్ట మధ్యాహ్నం, కాలవ గట్టు మీద బండి ఒక పక్కకు ఒరిగింది. మసేను దిగి చూశాడు. వెనక చక్రంలో మేకు దిగింది. బరువంతా వెనకే కదా, పంచరు పడితే వెనక చక్రానికే పడుతుంది!

"భయం లేదు, మిషనుంది" అంటూ మేకు పీకి, రబ్బరు పుల్లతో పంచరు మూశాడు. మిషను తీగను స్టీరింగు పక్కనున్న సాకెట్లో పెట్టి వెనక్కి లాగాడు. ముందు చక్రం దాటి రెండడుగులు వచ్చి తీగ బిగుసుకుపోయింది. ఇంకా లాగాడు. సాకెట్లోంచి ఊడి వచ్చింది.

నూకరత్నం గబగబా బండి దిగింది. గోనె సంచులు కాలవలో ముంచి తెచ్చి పెట్టెల మీద కప్పసాగింది. తిట్టినా బాగుండు అనిపించింది మసేనుకి. జాకీ ఎత్తి, చక్రం విప్పి, దొర్లించుకుంటూ ముందుకు తెచ్చి గొట్టం తగిలించాడు. నీలం దీపం వెలిగింది. అంకెలు కాస్త పెరిగి, నత్తలా పాకి, సగానికి రాకముందే ఆగిపోయాయి. చెయ్యి పెడితే మిషను పెనంలా కాలుతోంది.

"ఇంట్లో పులి, వీధిలో పిల్లి!" అంది నూకరత్నం అప్పుడు. "మిషన్నే అంటున్నా. నిన్నేం అనట్లేదులే."

మసేను గొట్టం ఊడపీకాడు. "సంచులు ఎలా ఉన్నాయి?" అని అడిగాడు.

"వేడెక్కుతున్నాయి మావా."

చెయ్యెత్తి దారిన పోయే బండ్లను ఆపబోయాడు. చివరికి ఒక పాల వ్యాను ఆగింది. నెరిసిన గడ్డం డ్రైవరు కాశీం దిగాడు. చక్రాన్నీ మిషన్నీ చూసి, "పాపాయికి పెద్ద పని చెప్పావు తమ్ముడూ!" అంటూ సీటు కిందనుంచి నల్లటి ఇనప ముద్దను తీశాడు. క్లిప్పులు తన బ్యాటరీకి తగిలించాడు. అది పిండిమరలా రొద పెడుతూ చక్రాన్ని నింపేసింది.

"దీన్ని ఎలా ఎంచుకున్నావన్నా?" అని అడిగాడు మసేను.

"పాల డబ్బాలతో బండి నింపి కొట్టు ముందు ఆపాను. వెనక చక్రంలో గాలి తీసేసి నింపమన్నాను. నింపినదాన్నే కొన్నాను. కొట్టువాడు ఇప్పటికీ నన్ను చూస్తే షట్టరు దించేస్తాడు!"

బండి చెరువు చేరేసరికి పొద్దు వాలింది. బంగారయ్య నడుం లోతు నీళ్లలో ఎదురు చూస్తున్నాడు. ఒక్కో సంచీ విప్పాడు. పిల్లలు చురుగ్గా ఈదుతూ నీళ్లలో కలిసిపోయాయి. స్టెప్నీ జాగాలో పెట్టిన రెండు పెట్టెల్లో మాత్రం అన్నీ తెల్లబడి అడుగున పడి ఉన్నాయి. ఆ మూలకు తడి గోనె అందలేదు.

"తప్పు నాది బంగారయ్యా. ఈ రెండు పెట్టెలూ మళ్లీ తెచ్చే పూచీ నాది" అన్నాడు మసేను.

బంగారయ్య నీళ్లలోకి చూశాడు. "మిగతావి ఈదుతున్నాయి. నాకు చెరువు వదలాల్సిన పని లేదు. ముందు అన్నం తినండి" అన్నాడు.

మర్నాడు మసేను బండి తొట్టి నిండా ఇసక బస్తాలు వేసుకుని కాకినాడ కొట్టుకి వెళ్లాడు. "నా కొట్టు ముందు లోడు బండి పెడతావేంటయ్యా?" అని కొట్టువాడు లబలబలాడాడు. మసేను కదలకుండా వెనక చక్రంలో గాలి తీసేసి, ఒక్కో మిషన్నీ పెట్టి చూశాడు. ఒక మిషను తీగ అందలేదు, ఇంకోటి మధ్యలో వేడెక్కింది. ఆఖరికి నల్లదే గెలిచింది.

"మా నాన్న కూడా నిన్ను ఇలాగే లోడెక్కించి చూసుంటే బాగుండేది" అని నవ్వింది నూకరత్నం.

"ఇప్పుడు చూశావుగా. దారిలో ఒరిగినా చెరువు చేర్చాను" అన్నాడు మసేను. స్టెప్నీ చక్రం మళ్లీ తన మూలకు వచ్చింది. ఆ తర్వాత దారిలో ఏ బండి ఒరిగి కనిపించినా, రొయ్య పిల్లలు దించేసి ఖాళీగా వస్తుంటే మసేను ఆగకుండా పోయేవాడు కాదు.

పనిముట్టునైనా మనిషినైనా చప్పట్లు పడే చోట చూసి మురిసిపోకండి, బరువు పడే చోట పెట్టి చూడండి. ఇదే నీతి. ఇక చెప్పండి, మీ తీగ మీ వెనక చక్రం దాకా అందుతుందో లేదో ఎన్నడైనా లాగి చూశారా?